పథ్యం పెట్టనన్న తల్లి

మొన్న మందుల షాపులో ఒక అమ్మాయి నా చీటీ వైపు ఒక్క చూపు చూసి, పది మాత్రలు కత్తెరతో టకటకా కత్తిరించి చేతిలో పెట్టింది. ముచ్చటేసి, "నేనూ ఒకప్పుడు ఈ పనే చేశానమ్మా, కాంపౌండర్ని" అన్నాను. "అంటే డాక్టరు గారి సంచీ మోసేవాళ్లా తాతగారూ?" అంది. మోశాను, కాదనను. అయితే ఆ రోజుల్లో ఆ సంచీ కంటే నా పొగరు బరువెక్కువ. అది దిగిపోయిన సంగతి ఒకటి చెబుతాను. ఈ పని నేర్చుకునే పిల్లలెవరైనా చదివితే మంచిదే. చదవకపోయినా, చెప్పుకోవడానికి నాకొక వంక దొరికింది.

తెల్లదొరల హయాం, యుద్ధం జరుగుతున్న రోజులు. గురజాల తాలూకాలో ఒక ఊరి ఆస్పత్రి. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి వాళ్ల మనవలెవరో నన్ను వెతుక్కుంటూ వస్తారని భయం. రెండు గదులు, ఒక వరండా, ముగ్గురం మనుషులం. డాక్టరు గారు మంచి వైద్యుడే గాని, కుర్చీలోంచి లేవడమే ఆయనకొక పెద్ద ఆపరేషను. నర్సమ్మకు యాభై దగ్గర పడ్డాయి. ఆదివారం చర్చిలో అందరి కోసం ప్రార్థన చేసి, మిగతా ఆరు రోజులూ మా ఇద్దరినీ తిట్టేది. ఇక నేను. పాతికేళ్లవాణ్ని, పరీక్ష పాసై రెండేళ్లయింది, డాక్టరు గారి కంటే నాకే ఎక్కువ తెలుసని గట్టి నమ్మకం.

మా దగ్గర మందునీళ్లు మూడు రకాలుండేవి: ఎర్రవి, తెల్లవి, చేదువి. ఏ జబ్బు వచ్చినా ఈ మూడింట్లో ఒకటి దానికి పనికిరాక తప్పేది కాదు. జనం ఇంట్లో ఏ సీసా ఉంటే అది కడుక్కుని తెచ్చుకునేవారు. అందులో మందు పోసి, గాట్లు కోసిన కాగితం పట్టీ ఒకటి సీసాకు అంటించి, "పూటకొక గాటు" అని చెప్పి పంపేవాణ్ని. ఆ పట్టీ కోయడంలో మాత్రం నాకు ఎదురు లేదు. నా వైద్యం అంతవరకే.

అయితే ఇరవై ఒక్క రోజుల జ్వరం వస్తే ఆ మూడు రకాలూ ఎందుకూ కొరగావు. మేము దాన్ని టైఫాయిడ్ అనేవాళ్లం, ఊళ్లోవాళ్లు సన్నిపాతం అనేవాళ్లు. తగ్గించడం ఇరుపక్షాలకూ చేతకాదు. మేము చేసేదల్లా రోజులు లెక్కపెట్టడం, అన్నం మాన్పించడం. అన్నం మెతుకు లోపలికి పోతే పేగు చిల్లు పడి మనిషి పోతాడని మా డాక్టరు గారికి ఆయన గురువులు చెప్పారు, ఆయన మాకు చెప్పారు. బార్లీ నీళ్లు, మజ్జిగ తేట, దొరికితే బత్తాయి రసం, అంతే. జ్వరం పూర్తిగా దిగాక పథ్యం పెట్టే రోజు డాక్టరు గారే నిర్ణయించేవారు. పెళ్లి ముహూర్తానికి కూడా అంత హడావుడి ఉండదు. పాత బియ్యం మెత్తగా వండి, మిరియాల చారుతో నాలుగు ముద్దలు పెట్టేవాళ్లు, చుట్టుపక్కల వాళ్లు వచ్చి నిలబడి చూసేవాళ్లు. పల్నాట్లో అప్పటికింకా కాలవలు రాలేదు, రోజూ తినేది జొన్నన్నమే. జబ్బు పడి లేస్తేనే వరి మెతుకు కంటికి కనపడే ఇళ్లు చాలా ఉండేవి.

అలాంటి ఇల్లు ఒకటి ఊరి చివర ఉండేది. దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఇద్దరు కొడుకులనూ ఒక కూతురినీ ఆ దూదిలోనే పెంచింది. కూతురిని నకరికల్లులో ఇచ్చారు. కొడుకులిద్దరూ ఎదిగి, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవారు. పెద్దవాడికి జ్వరం వచ్చింది.

పద్దెనిమిదో రోజుకు జ్వరం కాస్త తగ్గుముఖం పట్టింది. వాడు ఆకలని ఏడ్చాడు. అంత మగవాడు చంటిపిల్లవాడిలా తల్లి కొంగు పట్టుకుని ఏడిస్తే ఏ తల్లి ఊరుకుంటుంది? తాను తింటున్న కంచంలోంచే జొన్నన్నం, పండుమిరపకాయ పచ్చడి కలిపి నాలుగు ముద్దలు పెట్టింది. మర్నాటికి వాడి కడుపు బల్లలా బిగిసింది. డాక్టరు గారు కుర్చీ దిగి, ఎడ్లబండి ఎక్కి వచ్చారు. కడుపు మీద చెయ్యి వేసి చూసి, తీసేశారు. మధ్యాహ్నానికి వాడు పోయాడు.

వాకిలి నిండా జనం. పక్కింటామె ఒకరు నాతో, "అన్నం పెట్టిందంట గదయ్యా" అని చెవిలో ఊదింది. ఆ మాట నా చెవిలోనే ఉంచుకుని ఉంటే ఈ కథే లేదు. నేను డాక్టరు గారి సంచీ చేతిలో పట్టుకుని, ఊరందరికీ వినపడేట్టు, "చిలక్కి చెప్పినట్టు చెప్పాం, మెతుకు పెట్టొద్దని. విన్నావా? నీ కొడుకుని నీ చేత్తోనే చంపుకున్నావు!" అన్నాను.

ఆమె అప్పటిదాకా ఏడుస్తోంది. నా మాటతో ఏడుపు ఆగిపోయింది. తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుంది, అంతే.

బండిలో తిరిగి వస్తుంటే డాక్టరు గారు చుట్ట వెలిగించుకుని, "నువ్వు దారి తప్పి ఆస్పత్రికొచ్చావోయ్. కోర్టులో బంట్రోతుగా చేరాల్సింది. నేరం చదివి వినిపించడానికి గొంతు భలే సరిపోయేది" అన్నారు. పొగిడారో తిట్టారో ఆ రోజు నాకు సరిగా అర్థం కాలేదు. పొగిడారనే అనుకున్నాను. ఆ వయసులో అన్నీ పొగడ్తల్లాగే వినిపిస్తాయి.

అన్న చావుకని వచ్చిన కూతురు అక్కడే ఉండిపోయింది. నెల తిరక్కుండానే ఆమెకు జ్వరం, రెండోవాడికీ జ్వరం. అదే జ్వరం. పక్కింటివాళ్లు సీసాలు తెచ్చి మందు పట్టుకుపోతుండేవారు, నేను పట్టీలు మరింత అందంగా కోసి పంపుతుండేవాణ్ని. ఆ గడప తొక్కడానికి మాత్రం నాకు కాళ్లు రాలేదు. ఆస్పత్రిలో పని ఒత్తిడి అని నాకు నేను చెప్పుకున్నాను. ఏం ఒత్తిడి? ఆ నెల వచ్చినవన్నీ గజ్జి కేసులే.

ఒక పొద్దున నర్సమ్మ ఆ ఇంటికి వెళ్లి వచ్చింది. వచ్చీ రాగానే గొడుగు మూల విసిరేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇద్దరికీ జ్వరం దిగి తొమ్మిది రోజులైంది. ఒళ్లు చల్లగా ఉంది. పథ్యం పెట్టలా ఇంకా!"

"ఎందుకు పెట్టలా?" అన్నాను.

"పెట్టవే తల్లీ, ఏం గాదు అంటే ఏమందో తెలుసా? 'నా చెయ్యి మంచిది గాదని కాంపౌండరు చెప్పాడుగా' అంది. నీళ్లు పోస్తంది, బార్లీ నీళ్లు కూడా వడగట్టి వడగట్టి ఉత్త నీళ్లే పోస్తంది. ఇంకో పది రోజులిట్టాగే ఉంటే వాళ్లు జ్వరంతో గాదు, ఆకలికి పోతారు. ముగ్గురూ పోతారు. ఆ తల్లి కూడా తినడం లేదు."

డాక్టరు గారికి కోపం వచ్చింది. ఆయన పెట్టిన ముహూర్తం లేకుండా ఒక రోగి తొమ్మిది రోజులు ఖాళీగా ఉండటం ఆయనకు అవమానం. మళ్లీ బండి కట్టించుకుని వెళ్లి, "బుధవారం పదింటికి పథ్యం" అని ఆజ్ఞాపించి వచ్చారు. ఆమె తల ఊపింది. బుధవారం పోయింది, గురువారం పోయింది. ఆమె ఎవరికీ ఎదురు చెప్పదు, అలాగే అంటుంది, పెట్టదు.

ఇక నా తెలివితేటలు మొదలయ్యాయి. ఆస్పత్రి కాగితం మీద "అన్నము పెట్టవచ్చును" అని రాసి, డాక్టరు గారి సంతకం చేయించి, ముద్ర గుద్ది పంపాను. ఆమెకు చదువు రాదు. ఆ కాగితం మడిచి గుమ్మం పైన దోపిందట, దిష్టికి మంచిదని. తర్వాత నర్సమ్మ చేత మెత్తటి అన్నం వండించి గిన్నెతో పంపాను. అది కోళ్లకు పెట్టింది. ఆ వారం ఆ వీధి కోళ్లు తిన్నంత సర్కారు పథ్యం పల్నాడులో ఏ మనిషీ తిని ఉండడు. చివరికి నేనే వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని ఉంటే పక్కనుంచి లోపలికి తొంగి చూశాను. రెండు నులకమంచాలు, వాటి మీద ఇద్దరు. దుప్పటి కింద మనుషులున్నారా లేక దుప్పటే ఉందా అన్నట్టున్నారు. రెండోవాడు నన్ను చూసి నవ్వాడు.

"కాంపౌండరు గారూ, గోంగూర పచ్చడి ఒకసారి వాసన చూపించి పోండి. అదే మందు" అన్నాడు.

"మీ అమ్మ కంట పడకుండా తెచ్చిస్తాను, తింటావా?" అన్నాను గుసగుసగా. ఇది కూడా నా తెలివితేటల్లో ఒకటి.

వాడి నవ్వు పోయింది. "వద్దు. దొంగతనంగా తిని, మాకేదన్నా అయితే అమ్మ ఏమైపోద్ది? ఆమె పెడితేనే తింటాం" అన్నాడు. పక్క మంచం మీద చెల్లెలు కళ్లు మూసుకునే అవునన్నట్టు తలాడించింది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే, ఆ వాకిట్లో నిలబడి ఏడ్చాను. తల్లి నా వైపు చూడనైనా చూడలేదు.

ఆస్పత్రికి వచ్చి వరండాలో కూలబడ్డాను. నర్సమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. "ఆ మాటన్నది నువ్వు. పోయి అది తప్పని చెప్పు. అన్నం వల్ల పోలేదని చెప్పు."

లోపలి నుంచి డాక్టరు గారు, "అన్నం వల్లే పోయాడు. పేగు చిల్లు పడింది. శాస్త్రం" అన్నారు.

"శాస్త్రం మీ దగ్గరే ఉంచుకోండయ్యా, అక్కడ ఇద్దరు పోతన్నారు" అంది నర్సమ్మ. "నువ్వు పోరా. అబద్ధమైతే ఆ పాపం సంగతి ఆదివారం నేను ప్రభువుతో మాట్లాడుకుంటా."

లోపల డాక్టరు గారి కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత, "నేనేమీ వినలేదు" అన్నారు. నా సర్వీసులో ఆయన రాసిన అన్ని మందుల్లోకీ అది మేలైనది.

వెళ్లాను. గడపలో ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "పెద్దమ్మా, ఆ రోజు నేనన్నది తప్పు. నీ కొడుకు నువ్వు పెట్టిన అన్నం వల్ల పోలేదు. జ్వరం వల్లే పోయాడు. వీళ్లకు పెట్టు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఆ మాట నలుగుర్లో అన్నావు గదా అబ్బాయ్. ఈ మాట నా చెవిలో చెప్తావేంది?"

సరే, నలుగురినీ పిలవాలి. వీధిలో నిలబడి, "అందరూ ఒకసారి రండి!" అని అరిచాను. వెంటనే అన్ని తలుపులూ ధడాలున మూసుకున్నాయి. కిందటేడు కలరా సూదులు పొడిచింది నేనే. ఇద్దరు ముసలివాళ్లు గోడ దూకి పారిపోవడం నా కళ్లారా చూశాను, ఆ వయసులో ఎలా దూకారో మరి. సూదుల్లేవని రెండు చేతులూ చాపి చూపించి, చొక్కా జేబులు బయటికి లాగి చూపించి, ఒక్కొక్క తలుపూ కొట్టి బతిమాలితే పావుగంటకు పాతికమంది పోగయ్యారు. దూరంగానే నిలబడ్డారు.

చెప్పాను. "పెద్దవాడు అన్నం వల్ల పోలేదు. ఆ రోజు నేనన్నది తప్పు. ఈ తల్లి చేతిలో ఏ దోషమూ లేదు."

ఒకాయన తలపాగా సర్దుకుని, "మరా రోజట్టా అన్నావేంది?" అన్నాడు.

"తెలియక అన్నాను."

"తెలియనోడివి మాకు సూదులెందుకు పొడుస్తన్నావయ్యా?"

జనం గొల్లుమన్నారు. ఇంకొకావిడ, "నేనెప్పుడో చెప్పా, ఈ అబ్బాయికి చదువు రాదని, కాగితాలు కోయించుకుంటన్నారంతే" అంది. నా రెండేళ్ల పేరు, ప్రతిష్ఠ ఆ వీధిలో ఆ పావుగంటలో మట్టిలో కలిసిపోయాయి. కలిస్తే కలిశాయి. అప్పుడు తలెత్తి చూశాను, ఒక్క మొహం వైపే. ఆమె నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది. జనం నవ్వులు ఆగిపోయాయి.

నర్సమ్మ పంపిన పాత బియ్యం రెండు గుప్పిళ్లు మెత్తగా ఉడికించింది. ముందు కూతురి దగ్గర కూర్చుంది. మెతుకులు గంధంలా మెదిపి, చిన్న ముద్ద చేసి, పెదవుల దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. ఆ చెయ్యి ఎంతసేపు అక్కడే ఉందో! కూతురే తల ఎత్తి, ముద్ద అందుకుంది. తర్వాత కొడుకు. చెరి నాలుగు ముద్దలు పెట్టాక ఆమె నా వైపు తిరిగి, "ఈడే కూర్చో. కదిలావంటే కాళ్లిరగ్గొడతా" అంది.

కూర్చున్నాను. సాయంత్రం దాకా ఆ రెండు మంచాల మధ్య కూర్చున్నాను. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. వీధిలో నేను చెప్పిన మాట నేను నమ్మలేదు. డాక్టరు గారి శాస్త్రమే నా శాస్త్రం. రెండు వారాలుగా జ్వరం లేదు కాబట్టి ప్రమాదం దాటిందని బుద్ధి చెబుతోంది, కానీ ఆ అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసుకున్నప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోయేవి. మధ్యలో తల్లి నాకూ ఒక కంచం పెట్టింది, జొన్నన్నం, పండుమిరపకాయ పచ్చడి. ఆ కారానికి కళ్లనుంచి ముక్కునుంచి నీళ్లు కారుతుంటే రెండోవాడు మంచం మీద నుంచి, "మాకు లేదా అది?" అని ఏడిపించాడు.

ఇద్దరూ బతికారు. మర్నాటి నుంచి నర్సమ్మ రోజూ వెళ్లేది. పిల్లలకు రెండో ముద్ద పెట్టాలంటే ముందు తల్లి ఒక ముద్ద తినాలని ఆవిడే ఒక కొత్త శాస్త్రం కనిపెట్టి అమలు చేసింది. నేనూ వెళ్లేవాణ్ని, నీళ్లు తోడిపెట్టేవాణ్ని, కట్టెలు కొట్టేవాణ్ని. ఆస్పత్రిలో చేసిన దానికంటే ఆ ఇంట్లో చేసిందే పనికొచ్చిందేమో. రెండు నెలలకు రెండోవాడు విల్లు భుజాన వేసుకుని మా వరండా ముందు నుంచి వెళుతూ, ఆగి ఒక్కసారి టంగుమని మోగించి పోయాడు. కూతురు నకరికల్లు వెళ్లిపోయింది.

యుద్ధం అయిపోయింది. నన్ను నరసరావుపేట వేశారు. అక్కడికి కొత్తగా ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. టైఫాయిడ్ మనిషికి మొదటి రోజు నుంచే మెత్తటి అన్నం పెట్టించాడు. నేను ఠారెత్తిపోయి చెయ్యి పట్టుకున్నంత పనిచేశాను. ఆయన నవ్వాడు. "అదంతా పాత మాటయ్యా. మూడో వారంలో పేగు చిల్లు పడేదుంటే నీళ్లు తాగినా పడుతుంది, తాగకపోయినా పడుతుంది. జబ్బు చేసే పని అది. మీరు ఆకలితో మాడ్చి ఎంతమందిని నీరసపెట్టారో" అన్నాడు.

ఆ ఆదివారం బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే సంబరం. వీధిలో నేను చెప్పిన అబద్ధం నిజమైంది! ఆమెకు చెప్పాలి, ఇంకేమీ తోచలేదు.

ఆమె వాకిట్లో పరుపు కుడుతోంది. జుట్టంతా తెల్లబడింది, దూది పోగులు పట్టి ఇంకా తెల్లగా ఉంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను.

"ఆ మాట అప్పుడే చెప్పావుగా అబ్బాయ్" అంది సూది ఆపకుండా.

"అప్పుడు నేను నమ్మి చెప్పలేదు పెద్దమ్మా. అబద్ధమనుకునే చెప్పాను. ఇప్పుడు చెబుతున్నది నిజం."

"నాకు తెలుసులే. అప్పుడు నా మొకం చూళ్లా నువ్వు, నేల చూసి చెప్పావు. పిల్లలకి పెట్టాలంటే నాకెవుడో ఒకడు పెట్టమని నలుగుర్లో చెప్పాల. నువ్వు చెప్పావు. సరేననుకున్నా." ఇంకో కుట్టు వేసింది. వేసి ఆగింది. నా మొహంలోకి చూసింది. "అయితే ఇది నిజమేనా?"

"నిజమే. నువ్వు పెట్టిన అన్నం వల్ల కాదు. పెట్టకపోయినా పోయేవాడే."

ఆమె సూది దూదిలో గుచ్చేసింది. నేను ఇన్నేళ్ల బరువు దించేశాననుకుంటూ, ఏమంటుందా అని ఎదురు చూస్తున్నాను. కుర్రకుంకని, ఇంకా ఏదో పొగడ్త కోసమే కూర్చున్నాను.

"ఆ రోజు ఇంకో రెండు ముద్దలడిగాడయ్యా" అంది. "భయమేసి కంచం తీసేశా. ఆకలితోనే పోయాడు."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. కాసేపటికి సూది తీసుకుని, పరుపు ఆ చివర చూపించింది. నేను వెళ్లి అటువైపు కూర్చుని, ఆమె కుట్టడానికి వీలుగా అంచు బిగించి పట్టుకున్నాను. ఆఖరి బస్సు వేళ దాకా పట్టుకునే ఉన్నాను.